లినక్స్ కంప్యూటర్‌లో నెట్‌వర్క్ అనుసంధానాల నిర్వహణ: ఒక చారిత్రక పరిశీలన

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 కెర్నెల్‌లోకి నెట్‌వర్క్ ప్రవేశం (1991–1994)
7.3 స్క్రిప్టుల కాలం
7.4 ల్యాప్‌టాప్, వైర్‌లెస్, నెట్‌వర్క్‌మేనేజర్
7.5 సర్వర్ల అవసరాలు, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ
7.6 నెట్‌ప్లాన్
7.7 పాత పద్ధతులు ఎందుకు నిలిచాయి?
7.8 ఎంపిక చేసుకోవడం ఎలా?
7.9 సారాంశం
7.10 కీలక పదాలు
7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:

• లినక్స్‌లో నెట్‌వర్క్ నిర్వహణ సాధనాలు ఏ క్రమంలో, ఏ కారణాల వల్ల వచ్చాయో వివరించగలుగుతారు.
• ప్రారంభ స్క్రిప్టులకు, నెట్‌వర్క్‌మేనేజర్‌కు, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీకి మధ్య గల తేడాలను గుర్తించగలుగుతారు.
• ఒకే పనికి అనేక సాధనాలు ఎందుకు మిగిలాయో విశ్లేషించగలుగుతారు.
• ఒక నిర్దిష్ట కంప్యూటర్‌కు తగిన సాధనాన్ని కారణాలతో సహా ఎంపిక చేయగలుగుతారు.

7.1 పరిచయం

లినక్స్‌ను కొత్తగా నేర్చుకునే విద్యార్థులను తికమక పెట్టే విషయం ఒకటుంది. కంప్యూటర్‌కు ఒక ఐపీ చిరునామా ఇవ్వాలంటే ఒక పుస్తకం ఐఎఫ్‌కాన్ఫిగ్ వాడమంటుంది. మరో పుస్తకం ఒక ఫైలును దిద్దమంటుంది. పక్కనున్న మిత్రుడు తెర మూలనున్న చిన్న గుర్తుపై నొక్కితే చాలంటాడు. ఈ ముగ్గురిలో ఎవరూ తప్పు చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో కాలానికి చెందిన సమాధానం చెబుతున్నారు, అంతే. కాబట్టి ఏ సాధనం వాడాలన్న ప్రశ్నకు జవాబు కావాలంటే ముందుగా వాటి చరిత్ర తెలుసుకోవాలి.

కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు కలపడమంటే నిజానికి కొన్ని చిన్న పనుల సముదాయం. మొదట నెట్‌వర్క్ కార్డును పనిలోకి తేవాలి. దానికి ఒక చిరునామా ఇవ్వాలి. బయటి ప్రపంచానికి వెళ్లే దారి, అంటే రూట్, ఏదో చెప్పాలి. పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ సర్వర్ ఎక్కడుందో తెలపాలి. వైర్‌లెస్ అయితే వీటికి ముందే ఏ నెట్‌వర్క్‌లో చేరాలో నిర్ణయించుకుని, దాని రహస్య పదంతో ప్రవేశం పొందాలి.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయాన్ని గమనించాలి. చిరునామానూ, రూట్‌నూ తన వద్ద ఉంచుకుని అమలు చేసేది లినక్స్ కెర్నెల్. కాని కెర్నెల్‌కు వీటి విషయంలో శాశ్వత జ్ఞాపకం లేదు. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే అది అన్నీ మరచిపోతుంది. ఏ చిరునామా ఇవ్వాలో, ఏ నెట్‌వర్క్‌లో చేరాలో అది తనంతట తాను నిర్ణయించదు. పని చేసే శక్తి కెర్నెల్‌ది, నిర్ణయం బయటి ప్రోగ్రాములది. కనుక ప్రతిసారీ ఎవరో ఒకరు కెర్నెల్‌కు తిరిగి చెప్పాలి. ఆ చెప్పేవారు ఎవరు, ఎప్పుడు చెప్పాలి, ఎవరి అనుమతితో చెప్పాలి అన్న ప్రశ్నల చుట్టూనే ఈ భాగంలోని చరిత్ర అంతా నడుస్తుంది.

7.2 కెర్నెల్‌లోకి నెట్‌వర్క్ ప్రవేశం (1991–1994)

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ తాను తయారు చేస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్ గురించి 1991 ఆగస్టు 25న ప్రకటించాడు. తొలి కెర్నెల్‌లో నెట్‌వర్క్ సౌకర్యం లేదు. 1992లో రాస్ బైరో రాసిన టీసీపీ/ఐపీ కోడ్ కెర్నెల్‌లో చేరింది. ఆ తరువాత ఫ్రెడ్ వాన్ కెంపెన్ ఆ బాధ్యత తీసుకున్నాడు. ఆయన కోడ్‌లోని దోషాలను వేల్స్‌లోని స్వాన్‌సీ నుంచి అలన్ కాక్స్ సరిదిద్దుతూ వచ్చాడు. క్రమంగా నెట్‌వర్క్ విభాగం అలన్ కాక్స్ చేతికి వచ్చింది. ఈథర్‌నెట్ కార్డులకు కావలసిన డ్రైవర్లలో చాలావాటిని డోనాల్డ్ బెకర్ రాశాడు. 1994 మార్చి 14న లినక్స్ 1.0 విడుదలయ్యేనాటికి నెట్‌వర్క్ అందులో అంతర్భాగమైపోయింది.

ఆదేశాల విషయంలో లినక్స్ కొత్తదారి వెతకలేదు. బర్క్‌లీ విశ్వవిద్యాలయం నుంచి 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఐఎఫ్‌కాన్ఫిగ్ అనే ఆదేశం ఉంది. యూనిక్స్ తెలిసినవారికి అది అలవాటైన పరికరం. లినక్స్‌లో నెట్-టూల్స్ అనే సముదాయం అదే పేరుతో తనదైన ఐఎఫ్‌కాన్ఫిగ్‌ను అందించింది. రూట్, ఏఆర్‌పీ, నెట్‌స్టాట్ ఆదేశాలు కూడా అందులోనివే.

ఆనాటి కంప్యూటర్‌ను ఒకసారి ఊహించండి. అది బల్లమీద ఉంటుంది, కదలదు. వెనుక ఒక ఈథర్‌నెట్ తీగ ఉంటుంది, లేదా ఫోన్ లైనుకు కలిపిన మోడెమ్ ఉంటుంది. దాని చిరునామా ఏడాది క్రితం ఏదో, నేడూ అదే. ఇటువంటి యంత్రానికి ప్రారంభంలో ఒకసారి నాలుగు ఆదేశాలు ఇస్తే సరిపోతుంది. ఈ పరిస్థితి నుంచే మొదటి నిర్వహణ పద్ధతి పుట్టింది.

7.3 స్క్రిప్టుల కాలం

7.3.1 మూడు డిస్ట్రిబ్యూషన్లు, మూడు దారులు

కెర్నెల్‌నూ, దానికి కావలసిన ప్రోగ్రాములనూ ఒకచోట కూర్చి ఇచ్చే వాటిని డిస్ట్రిబ్యూషన్లు అంటాం. 1993లో వచ్చిన స్లాక్‌వేర్‌లో ఆర్‌సీ.ఐనెట్1 అనే స్క్రిప్టు కంప్యూటర్ ప్రారంభమైనప్పుడు నడిచి నెట్‌వర్క్‌ను సిద్ధం చేసేది. చిరునామా మార్చాలంటే ఆ స్క్రిప్టునే దిద్దేవారు.

రెడ్‌హ్యాట్ సమాచారాన్నీ, స్క్రిప్టునూ వేరు చేసింది. ఒక్కో కార్డుకు ఒక్కో చిన్న ఫైలు ఉంటుంది. మొదటి ఈథర్‌నెట్ కార్డుకు చెందిన ఫైలు పేరు ఐఎఫ్‌సీఎఫ్‌జీ-ఈటీహెచ్0. అందులో 'ఆన్‌బూట్' అన్న పదం ఎదుట 'యెస్' అని ఉంటే యంత్రం లేవగానే ఆ కార్డు పనిలోకి వస్తుంది. 'బూట్‌ప్రోటో' అన్న పదం ఎదుట 'డీహెచ్‌సీపీ' అని ఉంటే చిరునామాను నెట్‌వర్క్ నుంచి అడిగి తీసుకుంటుంది. డెబియన్ ఇంకో దారి పట్టింది. ఐఎఫ్‌అప్‌డౌన్ అనే సాధనం ద్వారా కార్డులన్నిటి వివరాలనూ 'ఇంటర్‌ఫేసెస్' అనే ఒకే ఫైలులో ఉంచింది. ఒక కార్డును లేపడానికి ఐఎఫ్‌అప్, దింపడానికి ఐఎఫ్‌డౌన్ ఆదేశాలు వాడాలి.

ఈ మూడింటిలోనూ సామాన్య లక్షణాలు రెండు. ఒకటి, అంతా చదవగలిగే పాఠ్యం. ఏం జరుగుతోందో ఫైలు తెరిస్తే తెలుస్తుంది. రెండు, స్క్రిప్టు తన పని ముగించి తప్పుకుంటుంది. నెట్‌వర్క్‌ను కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాము ఏదీ వెనుక మిగలదు. ఈ రెండో లక్షణం కొందరికి వరమైంది, మరికొందరికి లోపమైంది. తరువాతి వివాదాలన్నిటికీ మూలం ఇదే కాబట్టి దీన్ని గుర్తుంచుకోండి.

7.3.2 సొంత చిరునామా నుంచి అద్దె చిరునామాకు

డీహెచ్‌సీపీకి మొదటి ప్రమాణం 1993లో వచ్చింది. నేటికీ ఆధారంగా ఉన్న ఆర్‌ఎఫ్‌సీ 2131 వెలువడినది 1997 మార్చిలో. దీనివల్ల చిరునామా స్వభావమే మారింది. అంతకుముందు చిరునామా సొంత ఇంటి వంటిది. డీహెచ్‌సీపీలో అది అద్దె ఇల్లు. గడువు ఉంటుంది, ఆలోపు పొడిగించుకోవాలి. పొడిగించడానికి ఒక ప్రోగ్రాము నిరంతరం మేలుకుని ఉండాలి. అంటే స్క్రిప్టు తప్పుకున్నా దాని తరఫున డీహెచ్‌క్లయింట్ వంటి ఒక డీమన్ వెనుక మిగిలిపోతుంది. ఒకసారి చెప్పి మరచిపోవచ్చు అన్న భావనకు తొలి బీట పడింది ఇక్కడే.

7.3.3 ఐపీ ఆదేశం, నెట్‌లింక్

1999 జనవరిలో వచ్చిన లినక్స్ 2.2 కెర్నెల్‌లో రూటింగ్ విభాగం బాగా విస్తరించింది. ఈ కృషిలో ప్రధానుడైన అలెక్సీ కుజ్‌నెట్సోవ్ ఐపీరూట్2 అనే సముదాయాన్ని రూపొందించాడు. అందులోని 'ఐపీ' ఆదేశం ఐఎఫ్‌కాన్ఫిగ్, రూట్, ఏఆర్‌పీ చేసే పనులన్నీ ఒక్కటే చేస్తుంది. ఒకే కార్డుకు అనేక చిరునామాలు, ఒకటికి మించిన రూటింగ్ పట్టికలు వంటి కొత్త సౌకర్యాలు దీనికే పూర్తిగా కనిపిస్తాయి.

ఈ మార్పులో అసలు విశేషం ఆదేశం కాదు, దాని వెనుక ఉన్న నెట్‌లింక్ అనే మార్గం. పాత పద్ధతిలో ప్రోగ్రాము కెర్నెల్‌ను అడిగితేనే జవాబు వస్తుంది. నెట్‌లింక్‌లో కెర్నెల్ తానే కబురు పంపగలదు. తీగ ఊడిందనీ, కొత్త కార్డు వచ్చిందనీ, చిరునామా మారిందనీ వినే ప్రోగ్రాములకు వెంటనే తెలుపుతుంది. కబురు పంపే సౌకర్యం వచ్చాక వినడానికి ఒకరు కావాలి. తరువాతి దశాబ్దంలో వచ్చిన నిర్వాహక డీమన్లు ఈ పనినే చేపట్టాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
1. కంప్యూటర్ ప్రారంభమైన ప్రతిసారీ నెట్‌వర్క్ వివరాలను కెర్నెల్‌కు ఎందుకు చెప్పాలి?
2. డీహెచ్‌సీపీ వల్ల స్క్రిప్టు పద్ధతికి ఏర్పడిన ఇబ్బంది ఏమిటి?

7.4 ల్యాప్‌టాప్, వైర్‌లెస్, నెట్‌వర్క్‌మేనేజర్

వైర్‌లెస్ నెట్‌వర్క్‌లకు 802.11 ప్రమాణం 1997లో, ఎక్కువ వేగమిచ్చే 802.11బీ 1999లో వచ్చాయి. ల్యాప్‌టాప్ తరగతి గదికి, గ్రంథాలయానికి, ఇంటికి తిరగసాగింది. చోటు మారినప్పుడల్లా నెట్‌వర్క్ మారుతుంది. ఒకే చోట నాలుగైదు నెట్‌వర్క్‌లు కూడా కనిపించవచ్చు.

దీనికి భద్రత సమస్య తోడైంది. వైర్‌లెస్‌కు మొదట ఇచ్చిన డబ్ల్యూఈపీ రక్షణ ఎంత బలహీనమో 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే పరిశోధకులు చూపారు. 2004లో 802.11ఐ ప్రమాణం మెరుగైన పద్ధతిని స్థిరపరిచింది. ఈ పద్ధతిలో తాళపు సంకేతాలను రెండు వైపులా మాట్లాడుకుని కుదుర్చుకోవాలి, మధ్యమధ్య మార్చుకోవాలి. ఒక్క ఆదేశంతో తీరే పని కాదిది. యోని మాలినెన్ రాసిన డబ్ల్యూపీఏ-సప్లికెంట్ అనే డీమన్ ఈ బాధ్యతను తీసుకుంది.

ఇప్పుడు ఆనాటి ఒక విద్యార్థి స్థితిని ఆలోచించండి. గ్రంథాలయానికి వెళ్లి కూర్చుంటాడు. నెట్‌వర్క్‌లో చేరాలంటే రూట్ అధికారంతో ఒక ఫైలు దిద్దాలి, సప్లికెంట్‌ను నడపాలి, ఆపై డీహెచ్‌సీపీని పిలవాలి. ఇంటికి వెళ్లాక మళ్లీ అదంతా మార్చాలి. ల్యాప్‌టాప్ సంస్థదైతే రూట్ రహస్య పదం అతని దగ్గర ఉండదు, ఉండకూడదు కూడా. అంటే స్క్రిప్టు పద్ధతి కష్టమైనది మాత్రమే కాదు. ఎవరు నెట్‌వర్క్‌ను ఎంచుకోవచ్చు అన్న ప్రశ్నకు అది ఇచ్చే జవాబు కొత్త పరిస్థితికి సరిపోలేదు.

రెడ్‌హ్యాట్ 2004లో ప్రారంభించిన నెట్‌వర్క్‌మేనేజర్ ఈ చిక్కుకు పరిష్కారంగా వచ్చింది. ఆ ఏడాది నవంబరులో విడుదలైన ఫెడోరా కోర్ 3లో అది చేరింది. ఇందులో రూట్ అధికారంతో ఒక డీమన్ వెనుక నడుస్తుంది. వాడుకరి తెరమీద చిన్న గుర్తు రూపంలో మరో ప్రోగ్రాము ఉంటుంది. రెండూ డీ-బస్ అనే సందేశ వ్యవస్థ ద్వారా మాట్లాడుకుంటాయి. వాడుకరి నెట్‌వర్క్‌ను ఎంచుకుంటాడు, డీమన్ దాన్ని అమలు చేస్తుంది. రూట్ రహస్య పదం చేతులు మారదు.

అయితే తొలి నెట్‌వర్క్‌మేనేజర్‌కు పేరుతో పాటు అపకీర్తి కూడా వచ్చింది. అనుసంధాన వివరాలు వాడుకరి సెషన్‌లో ఉండేవి. ఆ కారణంగా ఎవరో ఒకరు లాగిన్ అయితేగాని వైర్‌లెస్ పనిచేసేది కాదు. తెరలేని సర్వర్‌కు ఇది పనికిరాదు. స్థిర చిరునామాలకూ, క్లిష్టమైన అమరికలకూ తగిన మద్దతు లేదు. 2008లో వచ్చిన 0.7 రూపంలో యంత్రం మొత్తానికి వర్తించే అనుసంధానాలు వచ్చాయి. మొబైల్ బ్రాడ్‌బ్యాండ్‌కు మద్దతు కూడా అప్పుడే చేరింది. యూఎస్‌బీ డేటా కార్డును ల్యాప్‌టాప్‌కు గుచ్చి ఇంటర్నెట్ వాడిన రోజులు మన దేశంలోనూ చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఆ పరికరాన్ని లినక్స్‌లో సులభంగా వాడుకోవడానికి తోడ్పడినది ఈ మార్పే.

దోషాలు సరిదిద్దినా తొలి అభిప్రాయం తొందరగా పోలేదు. సర్వర్‌లో మొట్టమొదట నెట్‌వర్క్‌మేనేజర్‌ను తొలగించమనే సలహా ఏళ్ల తరబడి చలామణిలో ఉంది. పాత పుస్తకాల్లో ఆ సలహా కనిపిస్తే అది ఏ సంవత్సరానిదో చూడండి.

ఇదే కాలంలో వేరే ప్రయత్నాలూ జరిగాయి. పైథాన్‌లో రాసిన విక్డ్ కొంతకాలం డెస్క్‌టాప్ వాడుకరుల అభిమానం పొందింది. పైథాన్ 2 కాలం చెల్లడంతో ప్రధాన డిస్ట్రిబ్యూషన్ల నుంచి క్రమంగా తప్పుకుంది. చిన్న పరికరాల కోసం ఇంటెల్ కాన్‌మాన్‌ను తయారుచేసింది. తరువాత ఇంటెల్‌లోనే సప్లికెంట్‌కు ప్రత్యామ్నాయంగా ఐడబ్ల్యూడీ పుట్టి, 2019లో 1.0 స్థాయికి చేరింది.

7.5 సర్వర్ల అవసరాలు, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ

7.5.1 కార్డుల పేర్ల సమస్య

ఈథర్‌నెట్ కార్డులకు ఈటీహెచ్0, ఈటీహెచ్1 అని కెర్నెల్ వరుసగా పేర్లు పెట్టేది. రెండు కార్డులున్న యంత్రంలో ఏ కార్డు ముందు కనపడితే దానికి 0 వస్తుంది. యంత్రం మళ్లీ లేచినప్పుడు ఆ క్రమం తారుమారు కావచ్చు. ఒక కార్డు ఇంటర్నెట్ వైపు, మరొకటి కార్యాలయం లోపలి వైపు ఉన్న ఫైర్‌వాల్ యంత్రంలో ఇలా జరిగితే, బయటివారిని ఆపవలసిన నిబంధన లోపలివారికి, లోపలివారికి ఇచ్చిన అనుమతి బయటివారికి వర్తించే ప్రమాదం ఉంది.

ఈ కారణంగా 2013 జనవరిలో వచ్చిన సిస్టమ్‌డీ 197వ రూపం, కార్డు ఏ స్లాటులో ఉందన్న దాన్నిబట్టి పేరు పెట్టే విధానాన్ని తెచ్చింది. ఈఎన్‌పీ3ఎస్0 వంటి పేర్లు అలా వచ్చినవే. ఇందులో 'ఈఎన్' ఈథర్‌నెట్‌కు, 'పీ3' బస్సు సంఖ్యకు, 'ఎస్0' స్లాటు సంఖ్యకు గుర్తు. నోటికి తిరగని పేర్లని చాలామంది విసుక్కున్నారు. ఒక్క కార్డు మాత్రమే ఉన్నవారికి పాత పేరే హాయి. కాని పైన చెప్పిన ఫైర్‌వాల్ యంత్రం నిర్వాహకుడికి పేరు అందం కన్నా దాని స్థిరత్వం ముఖ్యం.

7.5.2 కొత్త డీమన్

2014 ఫిబ్రవరిలో సిస్టమ్‌డీ 209వ రూపంతో సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ వెలువడింది. దీని ప్రధాన రచయిత టామ్ గుండర్‌సెన్. ఇది కాలక్రమంలో నెట్‌వర్క్‌మేనేజర్ తరువాత వచ్చినా దాని స్థానాన్ని కోరి రాలేదు. అప్పటికి ఒకే భౌతిక యంత్రంపై పదుల సంఖ్యలో వర్చువల్ యంత్రాలు, కంటైనర్లు నడవడం సాధారణమైంది. వాటికి తెర లేదు, వాడుకరి లేడు, వైర్‌లెస్ లేదు. అవి వేగంగా లేవాలి, ఫైలులో రాసినట్టు నడవాలి. నెట్‌వర్క్‌డీ కొన్ని చిన్న ఫైళ్లను చదివి ఆ పని చేస్తుంది. పాత స్క్రిప్టుల్లాగే పాఠ్యంలో ఉంటుంది. కాని స్క్రిప్టుల్లా తప్పుకోక, నెట్‌లింక్ కబుర్లను వింటూ ఉంటుంది.

7.5.3 నెట్‌వర్క్‌మేనేజర్ సర్వర్‌లోకి

అదే 2014 జూన్‌లో విడుదలైన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7 సర్వర్లలో సైతం నెట్‌వర్క్‌మేనేజర్‌నే మూల సాధనంగా చేసింది. తెర అవసరం లేకుండా ఆదేశాలతో వాడుకునే ఎన్‌ఎంసీఎల్‌ఐ, అక్షరాల మెనూతో పనిచేసే ఎన్‌ఎంటీయూఐ అప్పటికి సిద్ధంగా ఉన్నాయి. ఆ డిసెంబరులో నెట్‌వర్క్‌మేనేజర్ 1.0 వచ్చింది. అమరిక పూర్తిచేసి తప్పుకునే ఒక ప్రత్యేక పద్ధతి అందులో ఉండడం గమనించదగినది. పాత స్క్రిప్టుల అభిమానుల ప్రధాన ఫిర్యాదుకు అది సూటి సమాధానం.

7.6 నెట్‌ప్లాన్

ఉబుంటు ఒక విచిత్రమైన స్థితిలో పడింది. దాని డెస్క్‌టాప్‌లో నెట్‌వర్క్‌మేనేజర్, సర్వర్‌లో డెబియన్ నుంచి వారసత్వంగా వచ్చిన ఐఎఫ్‌అప్‌డౌన్. ఉబుంటును నడిపే కానానికల్ సంస్థ 2017 అక్టోబరులో వచ్చిన 17.10 రూపం నుంచి నెట్‌ప్లాన్‌ను ప్రవేశపెట్టింది. నెట్‌ప్లాన్ స్వయంగా నెట్‌వర్క్‌ను నిర్వహించదు. యామల్ పద్ధతిలో రాసిన ఒక వివరణను చదివి, దాన్ని నెట్‌వర్క్‌డీకి గాని నెట్‌వర్క్‌మేనేజర్‌కు గాని అర్థమయ్యే ఫైళ్లుగా మార్చి ఇస్తుంది. రాసేవారికి భాష ఒకటే, అమలు చేసేవారు ఇద్దరిలో ఒకరు.

నెట్‌ప్లాన్‌పై విమర్శ లేకపోలేదు. ఇది సమస్యను తగ్గించక మరో పొరను చేర్చిందని కొందరి వాదన. యామల్‌లో ఖాళీల లెక్క తప్పితే ఫైలు చెల్లదన్నది మరో ఇబ్బంది. అయితే దీనిలోని ఒక ఆదేశం ప్రత్యేకంగా చెప్పుకోదగినది.

దూరంగా ఉన్న ఒక సర్వర్‌ను మీరు ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా నిర్వహిస్తున్నారనుకోండి. దాని నెట్‌వర్క్ అమరికను మార్చాలి. మీరు ఆ సర్వర్‌తో మాట్లాడుతున్నది కూడా ఆ నెట్‌వర్క్ మీదుగానే. చిరునామాలో ఒక్క అంకె తప్పితే అనుసంధానం తెగిపోతుంది. దిద్దుదామన్నా లోపలికి వెళ్లే దారి ఉండదు. కూర్చున్న కొమ్మనే నరుక్కోవడం అంటే ఇదే. ఎవరైనా ప్రయాణం చేసి వెళ్లి ఆ యంత్రం ఎదుట కూర్చునేదాకా అది అందించే సేవలన్నీ ఆగిపోతాయి. నెట్‌ప్లాన్‌లోని 'ట్రై' ఆదేశం కొత్త అమరికను పరీక్షకు మాత్రమే అమలుచేస్తుంది. సాధారణంగా 120 సెకన్లలోగా మీరు సరేనని ధ్రువీకరించాలి. అనుసంధానం తెగి మీరు ధ్రువీకరించలేకపోతే పాత అమరికను తానే తిరిగి తెస్తుంది. ఏ సాధనం వాడినా ఇటువంటి తిరుగుదారి ఒకటి ముందే ఏర్పాటు చేసుకోవాలన్నది ఇక్కడి పాఠం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
1. తొలి నెట్‌వర్క్‌మేనేజర్ సర్వర్లకు ఎందుకు పనికిరాలేదు?
2. నెట్‌ప్లాన్‌కూ, నెట్‌వర్క్‌డీకీ గల తేడా ఏమిటి?

7.7 పాత పద్ధతులు ఎందుకు నిలిచాయి?

ఇంతవరకు చదివినదాన్ని బట్టి స్క్రిప్టులు పోయి నెట్‌వర్క్‌మేనేజర్, అది పోయి నెట్‌వర్క్‌డీ వచ్చాయని అనుకుంటే పొరపాటు. సాంకేతిక చరిత్రను మెట్ల వరుసగా చూసే అలవాటు మనకుంది. వాస్తవం అలా ఉండదు. కొత్తది వచ్చాక కూడా పాతది తన చోట బతికే ఉంటుంది.

రెడ్‌హ్యాట్, డెబియన్ తీసుకున్న నిర్ణయాలను పోల్చి చూడండి. 2019 మేలో వచ్చిన రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 పాత నెట్‌వర్క్ స్క్రిప్టులకు కాలం చెల్లుతోందని ప్రకటించింది. 2022 మేలో వచ్చిన 9వ రూపం వాటిని పూర్తిగా తొలగించింది. ఒకే పనికి రెండు సాధనాలకు ఏళ్ల తరబడి మద్దతు ఇవ్వడం వాణిజ్య సంస్థకు భారం. డెబియన్ స్వచ్ఛంద కార్యకర్తల సంఘం. అక్కడ ఐఎఫ్‌అప్‌డౌన్ కొనసాగింది. పనిచేస్తున్న సర్వర్ల అమరికలను చెడగొట్టకపోవడం వారికి ప్రధానం. అయితే 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి ఐఎఫ్‌కాన్ఫిగ్ ఉండే నెట్-టూల్స్ సముదాయం కొత్త స్థాపనల్లో మామూలుగా రావడం లేదు. అంటే డెబియన్ కూడా అన్నిటినీ పట్టుకుని కూర్చోలేదు. ఏది ఉంచాలో, ఏది వదలాలో విడివిడిగా నిర్ణయించింది.

సాధనం ఒంటరిగా బతకదని కూడా గుర్తించాలి. ఐఎఫ్‌అప్‌డౌన్ వంటివి చాలాకాలం ఆధారపడిన ఐఎస్‌సీ డీహెచ్‌క్లయింట్‌కు దాని తయారీదారులు 2022లో నిర్వహణ ముగించారు. తాను బాగానే ఉన్నా, తాను ఆనుకున్న గోడ కూలితే సాధనానికి ఇబ్బందే.

ఇక మీ చేతిలోని ఆండ్రాయిడ్ ఫోనును చూడండి. దానిలో ఉన్నది లినక్స్ కెర్నెలే. కాని నెట్‌వర్క్‌మేనేజర్ గాని, నెట్‌వర్క్‌డీ గాని అందులో లేవు. వైఫై, మొబైల్ డేటాల మధ్య మారడానికి ఆండ్రాయిడ్‌కు సొంత ఏర్పాటు ఉంది. రూటర్ల కోసం తయారైన ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి నెట్‌ఐఎఫ్‌డీ అనే మరో నిర్వాహకం ఉంది. కెర్నెల్ ఒకటే అయినా యంత్రం చేసే పనిని బట్టి నిర్వాహకుడు మారుతున్నాడు.

7.8 ఎంపిక చేసుకోవడం ఎలా?

పై చరిత్ర నుంచి ఎంపికకు ఉపకరించే ప్రశ్నలను రాబట్టవచ్చు.

1. యంత్రం కదులుతుందా? ల్యాప్‌టాప్ రోజూ చోటు మారుతుంది. వైఫై, ఫోను ద్వారా టెథరింగ్, వీపీఎన్ అన్నీ వాడుతుంది. దానికి నెట్‌వర్క్‌మేనేజర్ తగినది. స్థిరంగా ఉండే వర్చువల్ సర్వర్‌కు నెట్‌వర్క్‌డీ గాని, ఐఎఫ్‌అప్‌డౌన్ గాని సరిపోతుంది.

2. నిర్ణయం ఎవరిది? యంత్రం ఎదుట కూర్చున్న వాడుకరిదా, దూరాన ఉన్న నిర్వాహకుడిదా? వాడుకరికి స్వేచ్ఛ అవసరమైన చోట స్క్రిప్టు పద్ధతి అడ్డంకి. ఎవరూ ముట్టుకోకూడని చోట అదే రక్షణ.

3. డిస్ట్రిబ్యూషన్ దేన్ని ఇచ్చింది? బలమైన కారణం లేకపోతే దాన్నే వాడండి. నవీకరణలు, సహాయ పత్రాలు దాన్ని దృష్టిలో ఉంచుకునే వస్తాయి. మీ తరువాత ఆ యంత్రాన్ని చూసుకునేవారు కూడా ముందుగా అక్కడే వెతుకుతారు.

4. ఒక కార్డుకు ఒకే నిర్వాహకుడు ఉన్నాడా? ఇది తప్పనిసరి నియమం. ఒకే కార్డును ఇద్దరు నిర్వహిస్తే ఒకరు ఇచ్చిన చిరునామాను మరొకరు తీసివేయవచ్చు. డీఎన్‌ఎస్ వివరాలుండే రిజాల్వ్.కాన్ఫ్ ఫైలు విషయంలో ఇది తరచు జరుగుతుంది. చివరగా రాసినవారి మాటే నిలుస్తుంది. సంఖ్యలతో కూడిన చిరునామాకు పింగ్ వెళుతూ, పేరుతో మాత్రం వెళ్లకపోతే మొదట ఈ ఫైలును చూడండి. డెబియన్‌లో 'ఇంటర్‌ఫేసెస్' ఫైలులో పేర్కొన్న కార్డులను నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా ముట్టుకోకపోవడానికి కారణం ఈ ఘర్షణను నివారించడమే. వేర్వేరు కార్డులకు వేర్వేరు నిర్వాహకులు ఉండడంలో మాత్రం తప్పులేదు.

5. తిరిగి వచ్చే దారి ఉందా? దూరపు యంత్రంలో సాధనాన్ని మార్చేముందు పాత ఫైళ్ల నకలు తీసుకోండి. నెట్‌వర్క్ అవసరం లేని కన్సోల్ దారి ఉందేమో నిర్ధారించుకోండి.

చివరగా ఒక మాట. ఏ నిర్వాహకుడిని వాడినా 'ఐపీ' ఆదేశాన్ని మాత్రం తప్పక నేర్చుకోండి. నిర్వాహకుడు తాను ఏం చేశానని చెబుతున్నాడో అతని ఫైళ్లలో ఉంటుంది. నిజంగా ఏం జరిగిందో కెర్నెల్ వద్ద ఉంటుంది. ఈ రెండింటికీ పొత్తు కుదరనప్పుడు నిజం తెలుసుకునే మార్గం ఆ ఆదేశమే. తెరమీది గుర్తు పనిచేసినంతకాలం దీని అవసరం కనిపించదు. అది పనిచేయని రోజున మీకూ, ఆ యంత్రంపై ఆధారపడినవారికీ ఈ జ్ఞానమే అక్కరకు వస్తుంది.

7.9 సారాంశం

లినక్స్ కెర్నెల్ నెట్‌వర్క్ అమరికలను అమలు చేస్తుంది గాని గుర్తుంచుకోదు, నిర్ణయించదు. ఆ పని బయటి ప్రోగ్రాములది. కదలని కంప్యూటర్ల కాలంలో ప్రారంభ స్క్రిప్టులు సరిపోయాయి. డీహెచ్‌సీపీ చిరునామాను గడువు గల వస్తువుగా మార్చింది. నెట్‌లింక్ కెర్నెల్‌కు కబురు పంపే శక్తినిచ్చింది. ల్యాప్‌టాప్, వైర్‌లెస్‌ల వల్ల నిర్ణయాధికారం వాడుకరి చేతికి రావలసి వచ్చి నెట్‌వర్క్‌మేనేజర్ పుట్టింది. వర్చువల్ యంత్రాలు, కంటైనర్ల అవసరం నుంచి నెట్‌వర్క్‌డీ వచ్చింది. రెండింటికీ ఒకే వివరణ భాషగా నెట్‌ప్లాన్ రూపొందింది. ప్రతి సాధనం వెనుక ఒక రకం యంత్రం, ఒక రకం యజమాని ఉన్నారు. మన యంత్రం, మన స్థితి వాటిలో దేనికి దగ్గరో గుర్తించడమే సరైన ఎంపిక.

7.10 కీలక పదాలు

కెర్నెల్: హార్డ్‌వేర్‌కూ ప్రోగ్రాములకూ మధ్య ఉండే ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం.
డీమన్: వాడుకరికి కనిపించకుండా వెనుక నిరంతరం నడిచే ప్రోగ్రాము.
డీహెచ్‌సీపీ: కంప్యూటర్లకు గడువుతో చిరునామాలు కేటాయించే ప్రమాణం.
నెట్‌లింక్: కెర్నెల్‌కూ, ప్రోగ్రాములకూ మధ్య నెట్‌వర్క్ సమాచారం నడిచే మార్గం.
రూట్ అధికారం: యంత్రంలో ఏ మార్పునైనా చేయగల పూర్తి అధికారం. దారి అనే అర్థంలో వాడే రూట్ వేరు.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ప్రారంభ స్క్రిప్టుల నుంచి నెట్‌వర్క్‌మేనేజర్ వరకు జరిగిన పరిణామాన్ని, దానికి గల కారణాలను వివరించండి.
2. పాత స్క్రిప్టుల విషయంలో రెడ్‌హ్యాట్, డెబియన్ భిన్నమైన నిర్ణయాలు తీసుకోవడానికి కారణాలను విశ్లేషించండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. ఈటీహెచ్0 వంటి పేర్ల స్థానంలో కొత్త పేర్లు ఎందుకు వచ్చాయి?
2. ఒక కార్డుకు ఒకే నిర్వాహకుడు ఉండాలన్న నియమాన్ని ఉదాహరణతో వివరించండి.
3. ఒక గ్రామ గ్రంథాలయంలో అందరూ వాడే ఒక డెస్క్‌టాప్, దూరపు డేటా సెంటర్‌లో ఒక సర్వర్ మీ బాధ్యతలో ఉన్నాయి. ఒక్కోదానికి ఏ సాధనాన్ని ఎంచుకుంటారో కారణాలతో రాయండి.